రోజుల లెక్క

దుర్గ్ నుంచి దల్లీ రాజహరా ఇనుప గనుల వైపు వెళ్లే రైలు మార్గంలో మరోదా అనే చిన్న స్టేషన్ వస్తుంది. అదే పేరుతో భిలాయి ఉక్కు టౌన్‌షిప్‌లో ఒక సెక్టార్ ఉంది. 1972లో భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా ఏర్పాటు చేసిన మైత్రీ బాగ్ కూడా ఆ పక్కనే. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల రెండో తరం, మూడో తరం ఇప్పుడు ఇళ్లలోనే ట్యూషన్లు చెబుతోంది, కుట్టు పని చేస్తోంది, ఫొటో స్టూడియోలు నడుపుతోంది, ఆ పనుల కోసం నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్‌లు వాడుతోంది. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

నెల మధ్యలో, 16వ తేదీన డ్యూటీలో చేరిన కుర్రాడికి ఆ నెల సగం జీతమే వస్తుందని భిలాయిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. హాజరు ఎన్ని రోజులు పడితే అన్ని రోజులకే డబ్బు. ఒక్క రోజు హాజరు తగ్గినా జీతం చీటీ చూడగానే పట్టేసే మనుషులు వీళ్లు. అదే మనుషులు ఫోన్‌లో ‘ఖాతా నుంచి 531 రూపాయలు డెబిట్ అయ్యాయి’ అని మెసేజ్ వస్తే మాత్రం మాట్లాడరు. అదేదో కంప్యూటర్ లెక్క, మనకు అందేది కాదు అనుకుంటారు. నిజానికి అది హాజరు లెక్కే. చేతిలో ఉన్న విద్యను ఈ బిల్లు దగ్గర కూడా వాడమని చెప్పడమే నా ఉద్దేశం.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. అంకెలు నేను వేసుకున్నవి, ఏ కంపెనీవీ కావు. మరోదా సెక్టార్‌లో ఒకావిడ సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతుంది. పాఠాలు రికార్డు చేసి పిల్లలకు పంపడానికి ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుంది. చిన్న ప్లాన్ నెలకు 600 రూపాయలు, దాంట్లో 100 గంటల రికార్డింగు. పెద్ద ప్లాన్ 1,500, దాంట్లో 300 గంటలు. బిల్లు ప్రతి నెలా 5న పడుతుంది. ఏప్రిల్ 20 వచ్చేసరికి 80 గంటలు అయిపోయాయి. వేసవి క్లాసులు ముందున్నాయి కదా అని ఆ రోజే పెద్ద ప్లాన్‌కు మారింది. వెంటనే 531 రూపాయలు పోయాయి. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

‘ఒరే, 900 తేడాకి 531 ఎందుకు తీసుకున్నాడ్రా? తక్కువ తీసుకున్నాడా, ఎక్కువ తీసుకున్నాడా?’

‘సరిగ్గానే తీసుకున్నాడక్కా. ఏప్రిల్ 5 నుంచి మే 4 దాకా 30 రోజులు. నువ్వు మారినప్పటికి ఇంకా 15 రోజులున్నాయి. పాత ప్లాన్‌లో వాడని 15 రోజులకు 300 నీకు జమ. కొత్త ప్లాన్‌లో 15 రోజులకు 750 నువ్వు ఇవ్వాలి. తేడా 450. దాని మీద 18 శాతం జీఎస్టీ 81. మొత్తం 531.’

ప్రొరేటా బిల్లు అంటే ఇంతే. మిగిలిన రోజులను మొత్తం రోజులతో భాగించి, ఆ వంతును పాత ధరకూ కొత్త ధరకూ వేయాలి. పాతది మనకు జమ, కొత్తది మన ఖర్చు.

ఇదే మార్పు జూలై 20న చేస్తే అంకె మారుతుంది. జూలై 5 నుంచి ఆగస్టు 4 దాకా 31 రోజులు, మిగిలినవి 16, కాబట్టి తేడా 464 రూపాయల 52 పైసలు. ఫిబ్రవరి 20న అయితే, లీపు సంవత్సరం కాకపోతే, 28 రోజుల్లో 13 మిగులుతాయి, తేడా 417 రూపాయల 86 పైసలు. పోయిన సారి 450 తీసుకున్నాడు, ఈసారి 464 ఏమిటని గొడవపడే ముందు ఆ నెలకు ఎన్ని రోజులో చూడాలి. కొన్ని బిల్లింగు వ్యవస్థలు రోజులతో కూడా ఆగవు. చాలా కంపెనీలు వాడే స్ట్రైప్ సెకన్ల దాకా లెక్క కడుతుంది. ఉదయం మారడానికీ రాత్రి మారడానికీ కొన్ని రూపాయల తేడా అందుకే వస్తుంది. మన కాగితం లెక్కకూ వాళ్ల బిల్లుకూ మధ్య తేడా ఒక రోజు ధరకు లోపే ఉంటే అనుమానపడనక్కర్లేదు. అంతకు మించితే అడగాలి.

లెక్క ఒక్కటే అయినా దాన్ని వసూలు చేసే తీరులు మూడున్నాయి. మనుషులు కంగారు పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది పైన చూసినదే, తేడా అప్పటికప్పుడు తీసుకోవడం. రెండోది, ఈరోజు ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా తేడాను వచ్చే బిల్లుకు కలపడం. అప్పుడు మే 5న 1,500కు 450 కలిసి 1,950, జీఎస్టీతో 2,301 అవుతుంది. నెలకు 1,770 అనుకున్న ఇంట్లో ఆ అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది. ఏప్రిల్‌లో సగం నెల పెద్ద ప్లాన్ వాడిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. జూన్ 5న మళ్లీ 1,770కే దిగుతుంది. మే నెల బిల్లు తెరిచి చూస్తే పాత ప్లాన్ జమ ఒక వరుసగా, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ వరుస ఉంటే లెక్క కట్టారని అర్థం. ప్లాన్ మార్చిన నెలలో ఆ వరుస లేకుండా పూర్తి 1,500 వేశారంటే మాత్రం పాత 300 ఏమైందో అడగాల్సిందే.

మూడో తీరులో బిల్లు తేదీయే మారిపోతుంది. ఏప్రిల్ 20న కొత్త నెల మొదలైనట్టు లెక్కేసి 1,500లో 300 తీసేస్తారు. మిగిలిన 1,200, జీఎస్టీతో 1,416 ఆ రోజే పోతుంది. 531 అనుకున్న చోట 1,416 పోతే మోసం అనిపిస్తుంది. కానీ ఆ డబ్బుకు మే 19 దాకా చెల్లు. రోజుకు పడే ధర రెండు పద్ధతుల్లోనూ ఒకటే. నెలవారీ చందా నుంచి ఏడాది చందాకు మారినప్పుడు ఇలా జరగడం మామూలు. తేదీ మారిందని తెలియక, 5న డబ్బు సిద్ధంగా ఉంచి 20న ఖాళీ ఖాతాతో దొరికిపోయే ప్రమాదం ఉంది. అందుకే ప్లాన్ మార్చిన రోజే ‘తర్వాతి బిల్లు తేదీ’ అన్న మాట ఎక్కడుందో వెతికి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ గడిలో రాసుకోవాలి. తిథి, వారం చూడటానికి ఇంట్లో అందరూ ఎలాగూ ఆ గోడ దగ్గరికి వస్తారు.

డబ్బు సంగతి ఇది. గంటల సంగతి దీనికి పూర్తిగా వేరు. నా అనుభవంలో ఎక్కువమంది అడగకుండా వదిలేసే ప్రశ్న ఇదే.

ఆవిడ 100 గంటల్లో 80 వాడింది. పెద్ద ప్లాన్‌కు మారాక మే 4 దాకా ఎన్ని గంటలు దొరుకుతాయి? ఒక కంపెనీ 300లోంచి వాడిన 80 తీసేసి 220 ఇస్తుంది. ఇంకో కంపెనీ మీటరు సున్నా చేసి పూర్తిగా 300 ఇస్తుంది. మూడో కంపెనీ గంటలను కూడా రోజుల లెక్కన పంచుతుంది: పాత ప్లాన్ సగం నెలకు 50, కొత్త ప్లాన్ సగం నెలకు 150, మొత్తం 200. అందులో వాడిన 80 పోతే 120. ముగ్గురికీ కట్టింది అదే 450 రూపాయలు. చేతికొచ్చింది మాత్రం 220, 300, 120. డబ్బును రోజుల లెక్కన పంచారు కాబట్టి గంటలను కూడా అలాగే పంచుతారనుకోవడం పొరపాటు, పంచరనుకోవడం కూడా పొరపాటే. ఈ రెండింటికీ వేర్వేరు నియమాలుంటాయి. మార్చే ముందు కస్టమర్ కేర్‌కు ఈ ఒక్క వాక్యం పంపండి: ‘ఈరోజు పెద్ద ప్లాన్‌కు మారితే, తర్వాతి బిల్లు తేదీ దాకా నాకు మొత్తం ఎన్ని గంటలు మిగులుతాయి?’ జవాబులో అంకె ఉండాలి. అంకె లేకుండా ‘అద్భుతమైన ప్రయోజనాలు పొందుతారు’ అని వస్తే మళ్లీ అడగండి. పదో తరగతి కుర్రాడు సమాధానం రాసి లెక్క చూపించకపోతే మార్కులు వేయం కదా.

పరిమితి మళ్లీ ఎప్పుడు మొదలవుతుందన్నది మరో ప్రశ్న. బిల్లు తేదీనే మీటరు కూడా తిరుగుతుందని నమ్మకం పెట్టుకోకూడదు. కొన్నిటికి నెల ఒకటో తేదీ, కొన్నిటికి బిల్లు తేదీ, కొన్నిటికి రోజూ అర్ధరాత్రి. ఆ అర్ధరాత్రి మనది కాకపోవచ్చు. యూట్యూబ్‌తో అనుసంధానమయ్యే ప్రోగ్రాములు రాసేవాళ్లకు గూగుల్ ఇచ్చే రోజువారీ కోటా అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం అర్ధరాత్రి మొదలవుతుంది. అంటే మరోదాలో మధ్యాహ్నం. మార్చి నుంచి నవంబరు మొదటి దాకా పన్నెండున్నరకు, మిగతా నెలల్లో ఒంటిగంటన్నరకు. కృత్రిమ మేధ సహాయకుల్లో కొన్ని తేదీని అసలు చూడవు. మొదటి ప్రశ్న అడిగిన క్షణం నుంచి ఇన్ని గంటలని లెక్కపెడతాయి, దాని పైన వారానికి ఇంకో హద్దు పెడతాయి. ఉదయం తొమ్మిదికి సరదాగా ఒక ప్రశ్న అడిగితే గడియారం అప్పుడే నడవడం మొదలుపెడుతుంది. అసలు పని పదకొండుకుంటే పదకొండుకే తెరవడం మేలు.

హద్దు దాటితే ఏమవుతుందన్నదీ ముందే తెలుసుకోవాలి. జూమ్ ఉచిత ప్లాన్‌లో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. మొబైల్ డేటా రోజు కోటా అయిపోతే ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కు పడిపోయి పాకుతుంది. గూగుల్ ఖాతాలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఇచ్చే ఉచిత చోటు 15 జీబీ. ఫొటోలకు హద్దు లేని రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఆ 15 నిండితే కొత్త మెయిల్ రాదు. పిల్లల పుట్టినరోజు వీడియోలతో ఖాతా నిండి, పరీక్ష హాల్ టికెట్టు మెయిల్ రాకపోతే ఆ ఇంట్లో పడే బాధ ఊహించండి. ఈ మూడు రకాల్లో డబ్బు అదనంగా పోదు.

నాలుగో రకంలో పోతుంది. హద్దు దాటినా పని సాగుతుంది, దాటిన ప్రతి యూనిట్‌కూ అదనపు బిల్లు పడుతుంది. సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ సేవలు ఎక్కువగా ఇలాంటివే. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లోనూ గూగుల్ క్లౌడ్‌లోనూ ‘బడ్జెట్’ అని ఒక అంకె పెట్టుకోవచ్చు. ఆ అంకె దాటితే మెయిల్ వస్తుంది. సేవ మాత్రం తనంతట తాను ఆగదు. కుర్రాడు ప్రాజెక్టు కోసం తండ్రి కార్డు ఇచ్చి, 500 బడ్జెట్ పెట్టానులే అని నిద్రపోతే, సర్వరు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది. అందుకని కార్డు ఇచ్చే ముందు ‘ఇది చెప్పేదా, ఆపేదా?’ అని ఇంట్లో అడగాలి. అడిగితే కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని తండ్రులు జంకుతారు. జంకొద్దు. కర్మాగారంలో భద్రతా నియమం అడిగి తెలుసుకున్న మనిషిని ఎవరూ తక్కువగా చూడలేదు.

పైకి వెళ్లేటప్పుడు ఉన్న చురుకు కిందికి దిగేటప్పుడు ఉండదు. పెద్ద ప్లాన్ నొక్కగానే వస్తుంది, చిన్న ప్లాన్ మాత్రం చాలా చోట్ల తర్వాతి బిల్లు తేదీకే వస్తుంది. ఆపిల్ యాప్ స్టోర్ పద్ధతి ఇదే: పైకి మారితే వెంటనే మార్పు, పాత చందాలో మిగిలిన వంతు వాపసు. కిందికి మారితే పునరుద్ధరణ తేదీ దాకా పాతదే నడుస్తుంది. ఇందులో అన్యాయం లేదు, కట్టిన డబ్బుకు పెద్ద ప్లానే వాడుకుంటాం. అయితే ట్యూషన్ చెప్పే ఆవిడ వేసవి అయిపోయిందని జూన్ 6న దిగితే జూలై 5 దాకా ఆగాలి. అదే జూన్ 4న దిగితే మర్నాటి నుంచే 600. రెండు రోజుల తేడాకు 900 రూపాయలు, పైన పన్ను. దిగే నిర్ణయం బిల్లు తేదీకి ముందు తీసుకోవడం, ఎక్కే నిర్ణయం అవసరం పడిన రోజు తీసుకోవడం, ఈ ఒక్క అలవాటు ఏడాదిలో చాలా మిగులుస్తుంది. కొన్ని చోట్ల దిగినప్పుడు మిగిలిన వంతు జమ చేస్తారు కానీ అది బ్యాంకుకు రాదు, వాళ్ల దగ్గరి మీ ఖాతాలోనే నిలవగా ఉండి వచ్చే బిల్లుల్లో తరుగుతుంది. ఆ సేవే మానేయాలనుకున్నవాళ్లు ఈ తేడా ముందు అడగాలి.

ఏడాది ఒప్పందాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో నెలవారీ పద్ధతిలో మనుషులను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకే పడుతుంది. ఏడాది పద్ధతిలో ధర తక్కువ, మనుషులను పెంచుకోవచ్చు, కానీ గడువు దాకా తగ్గించలేం. కొన్ని ప్లాన్లు ఏడాది ఒప్పందమే అయినా డబ్బు నెలనెలా తీసుకుంటాయి. చూడటానికి నెలవారీ చందాలాగే ఉంటుంది. మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. ఆ రుసుమును కొనేటప్పుడు స్పష్టంగా చూపలేదన్న ఆరోపణతో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద అక్కడి న్యాయ శాఖ 2024 జూన్‌లో అడోబీ మీద కేసు వేసింది. మన దగ్గర ఫొటో స్టూడియోలు వాడే సాఫ్ట్‌వేర్ అదే కాబట్టి పెళ్లిళ్ల సీజను చూసి చందా కట్టేవాళ్లు ‘ఏడాది’ అన్న మాట ఎక్కడైనా ఉందేమో కళ్లు పెట్టి చూడాలి.

నెల అన్న మాటకు కూడా అందరూ ఒకే అర్థం ఇవ్వరు. మొబైల్ రీచార్జి 28 రోజులకు అయిపోతే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. 28ని 13తో గుణిస్తే 364. ఈ ఫిర్యాదులు పెరిగాకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ 30 రోజుల చెల్లుబాటుతో కొన్ని, ప్రతి నెలా అదే తేదీకి పునరుద్ధరించుకునే వీలుతో కొన్ని ప్లాన్లయినా ఉంచాలని ఆదేశించింది. మనుషులు లెక్క వేసి అడిగారు కాబట్టి ఆ ఆదేశం వచ్చింది.

మనకున్న రక్షణలు కూడా తెలుసుకుందాం. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు మీద గానీ యూపీఐ మీద గానీ తనంతట తాను పోయే చందాకు మొదట మన అనుమతి కావాలి. ప్రతిసారీ డబ్బు తీసే ముందు కనీసం 24 గంటలకు సమాచారం రావాలి. ఆ సమాచారంలోనే వద్దనే వీలుండాలి. 15,000 రూపాయలు దాటితే సాధారణంగా ప్రతిసారీ మళ్లీ ఓటీపీ కావాలి. అనుమతి ఇచ్చేటప్పుడు గరిష్ఠ మొత్తం ఎంతో ఒక్కసారి చూడండి. నెలకు 600 చందాకు 15,000 దాకా అనుమతి అడుగుతుంటే, ప్లాన్ మారినా ధర పెరిగినా ఇబ్బంది లేకుండా తీసుకోవడానికే. ఆ హద్దు తగ్గించే వీలుంటే తగ్గించండి.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న, కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఆన్‌లైన్ ఎత్తుగడల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడు రకాలు అందులో పేర్లతో సహా ఉన్నాయి. చందా ఉచ్చు ఒకటి. సాఫ్ట్‌వేర్ చందా బిల్లింగు పేరుతోనే ఇంకొకటి: ఉచిత ట్రయల్ అయిపోయి డబ్బు మొదలైందని చెప్పకపోవడం, చెప్పకుండా ఆటో రెన్యూవల్ పేరుతో డబ్బు తీయడం, వాడని సదుపాయాలకు వసూలు చేయడం దీని కిందికే వస్తాయి. సెక్టార్‌లో కూర్చున్న గృహిణికి ఢిల్లీలో ఒక నిబంధన అండగా ఉందంటే అడిగే గొంతుకు బలం వస్తుంది.

లెక్క తేడా వచ్చినప్పుడు కోపంతో కాకుండా అంకెలతో రాయండి. ఇలా: ‘నా బిల్లు తేదీ 5. ఏప్రిల్ 20న 600 ప్లాన్ నుంచి 1,500 ప్లాన్‌కు మారాను. 30 రోజుల్లో 15 మిగిలాయి. పన్ను కాకుండా 450 పడాలి, మీరు 750 తీసుకున్నారు. పాత ప్లాన్ జమ బిల్లులో కనిపించడం లేదు. లెక్క చూపించండి, లేదా తేడా తిరిగి ఇవ్వండి.’ ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఇంట్లో పిల్లలతో రాయించండి, వాళ్లకూ నేర్చుకున్నట్టవుతుంది. దీనికి జతగా బిల్లు పీడీఎఫ్, ప్లాన్ మార్చే ముందు తెరపై కనిపించిన మొత్తం తాలూకు స్క్రీన్‌షాట్, బ్యాంకు మెసేజ్ పెట్టండి. బిల్లులు ఏ మెయిల్‌కు వెళ్తున్నాయో ముందే చూసుకోండి. ఖాతా తెరిచిన కొడుకు బెంగళూరులో ఉంటే బిల్లులన్నీ అతని మెయిల్లోనే పడుతుంటాయి. కంపెనీ జవాబివ్వకపోయినా, అంకె లేని జవాబిచ్చినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. బిల్లు నంబరు, తేదీ, వాళ్లకు మీరు రాసిన ఆ వాక్యాలు చేతిలో పెట్టుకుని చేయండి.